భూగర్భమునకు చెవియొగ్గిన ఫెసెండెన్

రేడియో చరిత్రము చదివినవారికి రెజినాల్డ్ ఆబ్రీ ఫెసెండెన్ పేరు కొత్తది కాదు. మనుష్యుని కంఠస్వరమును తీగ లేకుండ దూరమునకు పంపిన మొదటివారిలో అతడొకడని ఆ గ్రంథములు చెప్పుచున్నవి. మార్కొనీ పేరు తెలిసినంతగా ఇతని పేరు సామాన్యజనులకు తెలియకపోయినను, ఆ విద్యలో ఆరితేరినవారు ఇతనిని మరువలేదు. కాని ఇతడు చేసిన మరియొక పనిని గూర్చి చెప్పువారు అరుదు. భూమిలో లోతుగా దొలిచిన సన్నని బావులను నీటితో నింపి, ఒక బావిలో శబ్దము పుట్టించి, వేరొక బావిలో దానిని విని, ఆ శబ్దము నడచివచ్చిన కాలమునుబట్టి నడుమనున్న రాతిలో ఏమి దాగియున్నదో తెలిసికొనవచ్చునని 1917లో వ్రాసియిచ్చినవాడు ఇతడే. నేడు భూగర్భమునందలి గ్యాసునిధులు ఎట్లు మారుచున్నవో, వాని చుట్టునున్న రాయి ఎచ్చట కదలుచున్నదో కనిపెట్టుటకు బావులలోనికి యంత్రములను దింపి వినుచున్నారు. ఆ విద్యకు మొదటి మెట్టు ఈ 1917 నాటి పత్రము. ఫెసెండెన్ జీవితమునకు కీలకము రేడియో కంటె ఈ వినికిడియే అని నా అభిప్రాయము.

అతడు 1866 అక్టోబరు 6వ తేదీన కెనడాదేశములోని క్విబెక్ ప్రాంతమున ఈస్ట్ బోల్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఎలైషా క్రైస్తవమతాచార్యుడు. తల్లి క్లెమెంటీనా పట్టుదల గల ఇల్లాలు. కెనడా పాఠశాలలలో సామ్రాజ్యదినోత్సవము నెలకొల్పుటకు పాటుపడిన స్త్రీగా ఆమెకు స్వతంత్రముగనే పేరున్నది. నలుగురు కొడుకులలో ఇతడు పెద్దవాడు. లెనాక్స్‌విల్ పట్టణములోని బిషప్స్ కాలేజి పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పుచు, తాను పైచదువు చదువుకొనెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున పట్టము పుచ్చుకొనకయే ఆ చదువు విడిచి, అట్లాంటిక్ సముద్రములోని బెర్ముడా ద్వీపమునకు ఉపాధ్యాయుడై వెడలెను. అచ్చట విట్నీ ఇన్‌స్టిట్యూట్ అను పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు అతడే, ఉన్న ఒక్క ఉపాధ్యాయుడును అతడే. మన ఏకోపాధ్యాయ పాఠశాలలలో పనిచేసినవారికి ఆ స్థితిని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ద్వీపముననే హెలెన్ ట్రాట్ అను కన్యతో అతనికి పరిచయమయ్యెను. ఆమె తరువాత అతని భార్య యయ్యెను. అతడు పోయిన పిమ్మట అతని జీవితచరిత్ర వ్రాసినదియు ఆమెయే.

1886లో అతడు న్యూయార్కు చేరెను. ఎడిసన్ వద్ద కొలువు సంపాదింపవలెనని కోరిక. తనకు విద్యుచ్ఛాస్త్రము రాదనియు, అయినను త్వరలో నేర్చుకొనగలననియు దాపరికము లేకుండ ఎడిసనునకు వ్రాసెనట. విద్యుత్తు తెలియనివారు తన వద్ద ఇదివరకే చాలినంతమంది ఉన్నారని ఎడిసన్ బదులు పంపెనట. ఫెసెండెన్ అంతటితో మరలిపోలేదు. నగరవీథులలో భూమిలో పాతుచున్న విద్యుత్తీగలను పరీక్షించు చిన్న ఉద్యోగమున చేరెను. కంటికి కనబడక మంటిలో పూడియున్న వస్తువు బాగున్నదో లేదో పైనుండియే కనుగొనుట అతని తొలి కొలువగుట గమనింపదగినది. కొలది నెలలలోనే అతని పనితనము ఎడిసన్ చెవిని పడి, ప్రయోగశాలలోనికే పిలుపు వచ్చెను. రసాయనశాస్త్రమున అతడు గట్టి పరిశ్రమ చేసినది అచ్చటనే. 1890లో ఎడిసనునకు ధనము కరవై పలువురిని పనినుండి తొలగించినప్పుడు ఇతడును వీథిన పడెను. ఆ యేడే వివాహమును చేసికొనెను!

తరువాతి పదేండ్ల కథ త్వరగా చెప్పవచ్చును. 1892లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రాచార్యుడాయెను. పిదప పిట్స్‌బర్గులోని విశ్వవిద్యాలయమునకు మారెను. 1900లో అమెరికా ప్రభుత్వ వాతావరణశాఖలో చేరెను. తుపానుల వార్తలు తీగ లేకుండ పంపు సాధనమును కల్పించుట అతని పని.

అప్పటి నిస్తంత్రీ యంత్రములన్నియు విద్యుత్ స్ఫులింగముల మీద నడచుచుండెను. స్ఫులింగము చప్పట్టు వంటిది, పుట్టినంతనే అణగిపోవును. చప్పట్లతో సంకేతములు పంపవచ్చును గాని పాట పంపుట సాధ్యమా? తంబురా శ్రుతివలె ఎడతెగక సాగు తరంగము కావలెననియు, దానిపై మాటను ఎక్కించి పంపవలెననియు ఫెసెండెన్ పట్టుపట్టెను. నాటి పెద్దలలో పలువురు దానిని నమ్మలేదు. 1900 డిసెంబరు 23వ తేదీన మేరీలాండ్ రాష్ట్రములోని కాబ్ దీవిలో అతడు సుమారు ఒక మైలు దూరమునకు తన మాటను పంపెను. అచ్చట మంచు కురియుచున్నదా యని సహాయకుని ప్రశ్నించుటయే ఆ మాట. వినబడినది మిక్కిలి గరగరతో కూడిన ధ్వనియే అయినను మాట మాటగా వినబడెను. రెండేండ్లకు పై అధికారితో కలహము వచ్చెను. తన పేటెంట్లలో సగభాగము ఆ అధికారి కోరెనని ఆరోపించి ఫెసెండెన్ ఉద్యోగము వదలుకొనెను.

1902లో పిట్స్‌బర్గు ధనికులిద్దరు పెట్టుబడి పెట్టగా ఒక కంపెనీ ఏర్పడెను. మసాచుసెట్స్ తీరమున బ్రాంట్ రాక్ వద్ద 420 అడుగుల స్తంభము, స్కాట్లండులో మక్రిహానిష్ వద్ద దానికి జత యైన మరియొక స్తంభము లేచెను. 1906 జనవరిలో అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఇరుదెసల నుండియు సంకేతములు నడచెను. ఆ యేటి డిసెంబరులో గాలివానకు స్కాట్లండు స్తంభము నేలకూలెను. అదే నెలలో క్రిస్మస్ ముందునాటి రాత్రి ఓడలలోని వారికి ఫెసెండెన్ పాటయు ఫిడేలు వాద్యమును వినిపించెనని లోకప్రసిద్ధమైన కథ. దీనికి ఆధారము 1932లో అతడే వ్రాసిన ఒక జాబు. నాటి వ్రాతలలో సాక్ష్యము దొరకలేదని తరువాతి పరిశోధకులు శంకించిరి. కాని ఆ నెల 21వ తేదీన బ్రాంట్ రాక్ వద్ద పలువురి యెదుట అతడు నిస్తంత్రీ సంభాషణను ప్రదర్శించిన మాట నిర్వివాదము. విద్యార్థులకు ఈ ఘట్టమును చెప్పునప్పుడు ఈ భేదమును కూడ చెప్పుట మేలు.

కంపెనీ పెత్తనము విషయమున భాగస్వాములతో తగవు ముదిరి 1911 జనవరిలో ఫెసెండెనును పనినుండి తొలగించిరి. తన పేటెంట్లు కంపెనీ వశమున చిక్కుకొనెను. వ్యాజ్యములు మొదలయ్యెను. నలుబదినాలుగేండ్ల వయస్సున అతడు మరల బ్రతుకుతెరువు వెదకుకొనవలసి వచ్చెను.

ఆ మరుసటి యేడు, 1912 ఏప్రిల్ మాసమున, టైటానిక్ నౌక మంచుకొండను తాకి మునిగిపోయెను. చీకటిలో సముద్రముపై తేలియాడు మంచుకొండను ముందుగా కనిపెట్టుట యెట్లు? ఈ ప్రశ్న లోకమంతటను చెలరేగెను. బోస్టనులో సబ్‌మెరైన్ సిగ్నల్ కంపెనీ అనునది ఉండెను. తీరమున నీటి అడుగున గంటలు మ్రోగించి ఓడలకు హెచ్చరిక లిచ్చుట దాని వ్యాపారము. నీటిలో ధ్వని గాలిలోకంటె నాలుగురెట్లకు పైగా వేగముగ, సెకనునకు సుమారు 1,500 మీటర్లు పోవును. చెరువులో మునిగి రెండు రాళ్లు తట్టుకొని ఆడిన పల్లెటూరి పిల్లలందరు నీటిలో చప్పుడెంత స్పష్టముగ వినవచ్చునో ఎరుగుదురు. ఫెసెండెన్ ఆ కంపెనీలో చేరి గంటకు బదులుగా ఒక విద్యుద్యంత్రమును నిర్మించెను. దానికి ఫెసెండెన్ ఆసిలేటరు అని పేరు. విద్యుత్తు చేత ఒక దళసరి లోహపుబిళ్ల సెకనునకు 540 పర్యాయములు కంపించి నీటిని అదిలించును. ఆ బిళ్లయే మరలి వచ్చిన ధ్వనిని వినును. రేడియోలో తాను పట్టుపట్టిన తత్త్వమే ఇది. చప్పట్టు కాదు, శ్రుతి.

1914 ఏప్రిల్ 27వ తేదీన న్యూఫౌండ్లండ్ సమీపమున మయామి అను ప్రభుత్వ నౌకనుండి ఈ యంత్రమును పరీక్షించిరి. సుమారు రెండు మైళ్ల దూరమున నున్న మంచుకొండను తాకి ప్రతిధ్వని మరలి వచ్చెను. పోవుటకు వచ్చుటకు నాలుగు సెకనులకు పైగా పట్టు దూరమది. ఆ ప్రతిధ్వనికి తోడు సముద్రపు అడుగునుండి వచ్చిన మరియొక ప్రతిధ్వనియు వినబడెను. మంచుకొండను వెదకబోయినవారికి సముద్రపు లోతును కొలుచు ఉపాయము అయాచితముగ లభించినది!

ఇచ్చటనే ఫెసెండెన్ ఆలోచన నీటినుండి నేలలోనికి దిగెను. అడుగునుండి ధ్వని మరలి వచ్చుచున్నదనగా, నీరు ముగిసి నేల ఆరంభమగు హద్దును అది చూపుచున్నదన్నమాట. మరి నేలలోనే ఒక రాయి ముగిసి వేరొక రాయి ఆరంభమగు హద్దును అది చూపలేదా? మొదటి ప్రపంచయుద్ధము రాగా అతడు కెనడా ప్రభుత్వమునకు సేవచేయ ముందుకువచ్చి, లండనునకు పోయి, శత్రువుల ఫిరంగులు ఎచ్చట నున్నవో శబ్దమునుబట్టి కనిపెట్టు సాధనములపై పనిచేసెను. వినబడిన కాలమునుబట్టి తావు నిర్ణయించుట ఆ పని యంతటికి ప్రాణము. 1917 జనవరి 15వ తేదీన భూమిలోని ఖనిజనిధుల జాడ తీయు పద్ధతికి అతడు అమెరికాలో పేటెంటు కోరెను. ఆ సెప్టెంబరు 18వ తేదీన అది లభించెను.

పద్ధతి ఇది. పరీక్షింపదలచిన భూమిలో సన్నని గోతులు లోతుగా దొలువవలెను. వానిని నీటితో నింపవలెను. గాలిలోనుండి ధ్వని రాతిలోనికి సులభముగ దిగదు, నీటినుండి దిగును. ఒక గోతిలో శబ్దయంత్రమును, వేరొక గోతిలో శ్రవణయంత్రమును వ్రేలాడదీయవలెను. గోతుల నడుమ దూరము తెలిసినదే. శబ్దము వచ్చుటకు పట్టిన కాలమును సూక్ష్మముగ కొలిచినచో నడుమనున్న రాతిలో దాని వేగము తెలియును. గట్టి లోహఖనిజమొక వేగము, మెత్తని మట్టి వేరొక వేగము చూపును. హద్దుల వద్ద ధ్వని కొంత వంగును, కొంత వెనుకకు మరలును. ఆ వంపులను, ప్రతిధ్వనులను కూడ లెక్కగట్టినచో నిధి యొక్క తావు తేలును. కుండ కొనునప్పుడు మన ఆడవారు వ్రేలితో తట్టి పగులున్నదో లేదో చెప్పుదురు గదా; ఇది భూమిని తట్టి చూచుట.

ఈ పేటెంటు వచ్చినంతనే లోకము దానివైపు పరుగెత్తలేదు. భూకంపతరంగములతో భూమిని శోధించు విద్యకు గిరాకి తెచ్చినవారు వేరొకరు. జర్మనీలో లుడ్గర్ మిన్‌ట్రోప్ నేలపై మందుపాతర పేల్చి, దూరమున యంత్రములుంచి, వంగివచ్చు తరంగములను పట్టెను; అతని కంపెనీవారు 1924లో టెక్సస్‌లో ఉప్పుదిబ్బను కనిపెట్టి చమురు వ్యాపారులను ఆశ్చర్యపరచిరి. అమెరికాలో కార్చర్ 1921లో ఓక్లహోమాలో ప్రతిధ్వనుల పద్ధతిని ప్రయోగించెను. ఈ ఇరువురి పని నేలపైననే జరిగెను. గోతులు దొలుచుట మిక్కిలి ఖర్చు, మందుపాతర చవుక. ఫెసెండెన్ ఆలోచనలో ప్రతిధ్వని భాగము వెంటనే వ్యాపించెను, బావిలోనికి దిగి వినవలెనను భాగము చాలకాలము మూలపడెను. ఒక బావినుండి వేరొక బావికి ధ్వని పంపి నడుమనున్న రాతిని చిత్రించు పద్ధతికి చమురు పరిశ్రమలో మరల ఆదరము వచ్చినది 1980 తరువాత అనవచ్చును.

మూలపడిన భాగమునకు గ్యాసునిధుల వలన విలువ వచ్చెను. కోనసీమలో గ్యాసు బావులను చూచిన విద్యార్థులు భూమిలోపల పెద్ద గుహయు, దానినిండ గ్యాసును ఊహింతురు. గుహ యేదియు లేదు. ఇసుకరాతి రేణువుల నడుమ కంటికానని రంధ్రములలో గ్యాసు ఒత్తిడితో నిలిచియుండును. ఆ రంధ్రములలో నీరున్నచో ఒత్తుడు తరంగము వేగముగ పోవును, గ్యాసున్నచో మందగించును. అడ్డముగ ఊగు తరంగమునకు మాత్రము ఈ భేదము అంతగా పట్టదు. రెండిటిని పోల్చినచో రాతిలో ఏమున్నదో పోల్చుకొనవచ్చును. అదే బావిలో కొన్నేండ్లకు మరల విన్నచో గ్యాసు ఎంత మేర తరిగి నీరు ఎంత మేర చొచ్చినదో తెలియును. శీతలదేశములలో పాత నిధులలోనికి వేసవిలో గ్యాసును ఎక్కించి చలికాలమున తోడుకొనుచుందురు. అచ్చటను ఈ పరీక్ష అవసరమే.

వినుటకు బావిలోనికి దిగుట ఎందుకని అడుగవచ్చును. నేలపై బండ్ల రాకపోకలు, గాలి, అలల చప్పుడు ఎడతెగకుండును. పైపొరలలోని మెత్తని మన్ను సన్నని కంపములను మ్రింగివేయును. మూడు కిలోమీటర్ల లోతున నిశ్శబ్దము. అచ్చట బావిగోడకు అదిమి ఉంచిన జియోఫోను, పైనున్న యంత్రమునకు ఎన్నటికిని అందని చిన్న పగులును కూడ వినగలదు.

నెదర్లాండ్సు దేశమున గ్రోనింగెన్ సీమలో దీని విలువ ప్రజలకు బాధతో తెలిసివచ్చెను. 1959లో స్లోఖ్టరెన్ గ్రామమువద్ద గ్యాసు బయల్పడెను. సుమారు 3 కిలోమీటర్ల లోతున ఇసుకరాతిలోని ఆ నిధి ఐరోపాలోని మహానిధులలో నొకటి. 1963 నుండి తోడసాగిరి. గ్యాసు తరిగినకొలది ఒత్తిడి తగ్గెను. పైనున్న బరువునకు రాయి అణగెను. అందలి పాత పగుళ్లు జారసాగెను. 1991లో ఆ నిధిప్రాంతమున తొలి భూకంపము నమోదాయెను. 2012 ఆగస్టు 16వ తేదీన హౌజింగె గ్రామమువద్ద 3.6 పరిమాణము గల భూకంపము వచ్చెను. ఈ అంకె చిన్నదిగ కనబడవచ్చును. కాని భూకంపము పుట్టినది తక్కువ లోతున, నేల మెత్తనిది, ఇండ్లు ఇటుకలవి. వేలకొలది ఇండ్ల గోడలు బీటలు వారెను. ఏ పగులు, ఎంత లోతున, ఎప్పుడు జారుచున్నది అన్న ప్రశ్న శాస్త్రజ్ఞుల కుతూహలముగాక ఆ ఇండ్ల యజమానుల హక్కు అయ్యెను. 2013లో స్టెడమ్, జీరైప్ అను చోట్ల నున్న లోతుబావులలో నిధియున్న మట్టమునకే జియోఫోనుల దండలు దింపిరి. ఆ సీమ పొడవునను 200 మీటర్ల లోతు బావులు దొలిచి, ప్రతి 50 మీటర్లకు ఒక జియోఫోను అమర్చిరి. వానిని నడుపునది ఆ దేశపు వాతావరణశాఖ! వాతావరణశాఖ కొలువునుండియే పేరు సంపాదించిన ఫెసెండెన్ ఇది విన్నచో నవ్వుకొనియుండును. 2023 అక్టోబరులో అచ్చట గ్యాసు తోడుట నిలిపివేసిరి; మరుసటి యేడు శాసనముచేత దానిని ముగించిరి. రాయి కుదుటబడుటకు కాలము పట్టును గనుక భూకంపములు అంతటితో ఆగలేదు.

ఇట్లు తానై కంపించు రాతిని ఊరక వినుచుండు విద్యను కూడ ఫెసెండెన్ ఊహించెనని చెప్పుట అతిశయోక్తి. అతడు వెదకినది లోహఖనిజములను; శబ్దమును పుట్టించుట అతని పద్ధతిలో భాగము. అయినను వినవలసిన చోటు భూమి లోపలనే అని గుర్తించిన గౌరవము అతనిదే. భూమిని ఇట్లు శోధించు శాస్త్రజ్ఞుల అమెరికా సంఘము అతని పేర నొక బహుమానమును నెలకొల్పినది.

అతని స్వభావము మెత్తనిది కాదు. ఎవరితోను ఎక్కువ కాలము పొసగలేదు. 1921లో రేడియో ఇంజనీర్ల సంఘమువారు గౌరవపతకము నీయగా, అది బంగారుపూత మాత్రమే యనియు, తనకు ముందువారికి మేలిమి బంగారము నిచ్చిరనియు భ్రమించి కోపముతో తిప్పిపంపెను. అందరికి ఇచ్చినదియు పూతపతకమే అని ఒక మిత్రుడు విచారించి తెలిపిన తరువాత గాని దానిని పుచ్చుకొనలేదు. ఈ పెంకెతనము అతని కష్టములకు కొంత కారణమే. కాని పెంకెతనమే లేనిచో చప్పట్లనే నమ్మిన కాలమున శ్రుతిని పట్టుకొని వ్రేలాడియుండునా? చివరి దశలో కాకసస్ ప్రాంతమున వరదలో మునిగిపోయిన ఒక ప్రాచీన నాగరికత కలదని నమ్మి గ్రంథమే వ్రాసెను. పండితులు దానిని లెక్కింపలేదు. అదియు పూడిపోయిన దానిని వెదకు బుద్ధియే.

కంపెనీపై వేసిన వ్యాజ్యమున 1912లోనే 4 లక్షల డాలర్లకు పైగా తీర్పు వచ్చినను, కంపెనీ దివాలా స్థితిలో పడుటచే ఆ సొమ్ము అతని చేతికి రాలేదు. 1928లో గాని రాజీ కుదరలేదు. అప్పుడు వచ్చిన ధనములో న్యాయవాదుల వంతు పోగా మిగిలినదానితో అతడు భార్యతో బెర్ముడా చేరి, యౌవనమున ఒంటరి ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆ ద్వీపముననే ఇల్లు కొనుక్కొనెను. 1932 జులై 22వ తేదీన అచ్చటనే మరణించెను. నాటి అమెరికా చట్టము ప్రకారము పేటెంటు గడువు పదునేడేండ్లు. బావులలో భూమిని విను పద్ధతికి అతడు పొందిన పేటెంటు 1934 సెప్టెంబరులో గడువు తీరి ఎల్లరి సొత్తయ్యెను.